డౌనీవిల్, సియెరా సిటీ: పెద్దవాళ్ళతో, పిల్లాడితో మూడు రోజుల్లో బంగారు కొండలు ఎలా చూడాలి

మీరడిగింది తర్వాత చదివేవాళ్ళకి కూడా తెలియాలని క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. ఫ్రీమాంట్ నుంచి జూన్ ఆఖరి వారంలో శుక్ర, శని, ఆదివారాలు. మీరు, మీ ఆవిడ, ఎనిమిదేళ్ళ బాబు, ఇండియా నుంచి వచ్చిన మీ అత్తగారు, మామగారు. మామగారిది కుప్పం వైపు ఊరు. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పనిచేసి, 2001లో గనులు మూసేసినప్పుడు బయటికొచ్చిన మనిషి. కాలిఫోర్నియా బంగారం గనులు ఆయనకి చూపించాలని మీ కోరిక. కొలోమా చూసేసి సాయంత్రానికి టాహో సరస్సు చేరాలా, సియెరా కౌంటీ దాకా వెళ్ళాలా అన్నది మొదటి ప్రశ్న. బంగారం మనమూ వెతకొచ్చా, శాకాహారులకి తిండి ఎలా, పెద్దవాళ్ళకి ఇబ్బంది ఉంటుందా అన్నవి మిగతావి.

సియెరా కౌంటీకే వెళ్ళండి. టాహో ఈసారికి వదిలేయండి.

కొలోమాని తక్కువ చేయడం లేదు. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్ సట్టర్ రంపపు మిల్లు కాలవలో బంగారం చూసింది అక్కడే. బాబుని ఎప్పుడైనా ఒక శనివారం తీసుకెళ్ళి రావచ్చు. కాకపోతే బంగారం ఎక్కడ కనబడిందో అక్కడ తెలుస్తుంది గానీ, దాన్ని మనుషులు ఎలా తీశారో, తీసే క్రమంలో కొండలకీ నదులకీ ఏమైందో తెలియదు. గ్రాస్ వ్యాలీలో మొదలుపెట్టి 49వ నంబరు హైవే మీద యూబా కనుమ దాకా వెళ్తే మాత్రం మూడు పద్ధతులూ కళ్ళముందే ఉంటాయి: ఏటి ఇసుక కడగడం, కొండని నీటి ఫిరంగులతో కూల్చడం, రాతిలోకి గని తవ్వడం. గనిలో పనిచేసిన మనిషిని తీసుకెళ్తున్నారు కాబట్టి ఆయనకి చూపించాల్సింది ఆ పనే. అదీగాక ఈ ఊళ్ళు పర్యాటకుల కోసం కట్టిన సెట్టింగులు కావు. జనం బతుకుతున్న ఊళ్ళు. 2020 జనాభా లెక్కల్లో కౌంటీ మొత్తానికి 3,236 మంది. కాలిఫోర్నియాలో దీనికంటే తక్కువ జనం ఉన్న కౌంటీ ఆల్పైన్ ఒక్కటే. కౌంటీ కేంద్రమైన డౌనీవిల్‌లో 1851 ప్రాంతంలో అయిదు వేల మంది ఉండేవాళ్ళు, ఇప్పుడు మూడు వందల లోపే.

శుక్రవారం ఉదయం అయిదున్నరకల్లా ఇంట్లోంచి బయటపడండి. ఐ-80 మీద శాక్రమెంటో దాటి, ఆబర్న్‌లో 49 ఎక్కితే గ్రాస్ వ్యాలీ. మొత్తం 160 మైళ్ళు అటూ ఇటూ. శాక్రమెంటో రద్దీకి ముందే దాటేస్తే తొమ్మిదికల్లా అక్కడుంటారు. పెట్రోల్ ట్యాంకు అక్కడే నింపండి. ఎలక్ట్రిక్ కారైతే అక్కడే పూర్తిగా చార్జ్ చేసుకోండి, పైన దొరుకుతుందని నమ్ముకోవద్దు.

గ్రాస్ వ్యాలీ సియెరా కౌంటీలోకి రాదు, నెవాడా కౌంటీది. అయినా మొదట చూడాల్సింది ఇక్కడి ఎంపైర్ మైన్. 1850 నుంచి 1956 దాకా నడిచిన గని. భూమి కింద 367 మైళ్ళ సొరంగాలు, బయటికి తీసిన బంగారం 58 లక్షల ఔన్సులు. సందర్శకుల కేంద్రంలో ఆ సొరంగాలన్నిటి నమూనా ఒకటుంది. దాని ముందు మామగారికి కావలసినంత సేపు ఇవ్వండి. తర్వాత బయట షాఫ్ట్, అంటే గనిలోకి దిగే బావి దగ్గరికి తీసుకెళ్ళండి. వాలుగా కిందికి దిగే షాఫ్ట్ అది, దీపాలు పెట్టారు, కొంత దూరం లోపలికి కనబడుతుంది. వాలు వెంట కొలిస్తే ఆ గని లోతు 11,000 అడుగులు.

ఇక్కడ మీ మామగారికి సంబంధించిన సంగతి ఒకటుంది. గ్రాస్ వ్యాలీలో రాతిగనుల పని నేర్పి నిలబెట్టింది ఎక్కువగా ఇంగ్లాండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గనిపనివాళ్ళు. కార్న్‌వాల్‌లో తగరం, రాగి గనులు దెబ్బతిన్నాక ఆ మనుషులు ప్రపంచమంతా చెదిరిపోయారు. అందులో కొందరు 1880ల్లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీతో కోలార్‌కి వచ్చారు. నీటిని తోడే పద్ధతి, షాఫ్ట్ దించే పద్ధతి, కొండ బరువుని ఆపే కలప కట్టుబడి, ఆ విద్యలో చాలాభాగం రెండు చోట్లా ఒకే మూలం నుంచి వచ్చింది. 1956లో పెరిగిన ఖర్చులకీ, ఔన్సుకి 35 డాలర్లుగా ప్రభుత్వం కట్టిపెట్టిన ధరకీ మధ్య నలిగి, కార్మికుల సమ్మె కూడా కలిసి, ఎంపైర్ మూతబడింది. సరిగ్గా అదే ఏడాది మైసూరు ప్రభుత్వం కోలార్ గనుల్ని తన చేతిలోకి తీసుకుంది, తర్వాత అవి కేంద్రం చేతికి వెళ్ళాయి, అలా ప్రభుత్వాల కింద ఇంకో నలభై అయిదేళ్ళు నడిచాయి. గిట్టుబాటు ఒక్కటే చూస్తే ఏమవుతుందో, వేల కుటుంబాల్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ఏమవుతుందో, ఈ రెండు గనుల చరిత్ర పక్కపక్కన పెట్టి ఆలోచించాల్సిన విషయం. మామగారు దీని గురించి మనకంటే చాలా చెప్పగలరు. అక్కడి వాలంటీర్లు గనులంటే ప్రాణం పెట్టే మనుషులు. మా మామగారు కేజీఎఫ్‌లో పనిచేశారని ఒక్క మాట చెప్పండి, తక్కినది వాళ్ళే అడుగుతారు. మధ్యలో తెలుగు నుంచి ఇంగ్లీషుకి, ఇంగ్లీషు నుంచి తెలుగుకి చెప్పే పని మీ ఆవిడకో మీకో తప్పదు. ఓపిగ్గా చేయండి, ఆ రోజుకి అంతకంటే ముఖ్యమైన పని లేదు.

మధ్యాహ్నం తిని, రెండింట్లో ఒకటి ఎంచుకోండి. పెద్దవాళ్ళు అలసిపోతే ఊళ్ళోనే ఉన్న నార్త్ స్టార్ గని పవర్‌హౌస్ మ్యూజియం చాలు. అక్కడ 1896లో పెట్టిన ముప్ఫై అడుగుల పెల్టన్ చక్రం, అంటే నీటిధారతో తిరిగే చక్రం ఉంది. ఓపిక ఉంటే మాలకాఫ్ డిగ్గిన్స్‌కి వెళ్ళండి. నా ఓటు దానికే.

మాలకాఫ్‌కి, గ్రాస్ వ్యాలీ పక్కనున్న నెవాడా సిటీ దాటాక 49 మీద పది పన్నెండు మైళ్ళు పోయి, టైలర్ ఫుట్ రోడ్డులోకి తిరగాలి. ఆఖర్న కొంత మట్టిరోడ్డు ఉంటుంది, మామూలు కారు నెమ్మదిగా వెళ్తుంది. అక్కడ కనబడేది ఏడు వేల అడుగుల పొడవు, మూడు వేల అడుగుల వెడల్పు, దాదాపు ఆరువందల అడుగుల లోతు ఉన్న గొయ్యి. తెలుపు, పసుపు, గులాబి రంగుల్లో కోసుకుపోయిన గోడలు. చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది, ఎవరైనా ప్రకృతి చెక్కిందనే అనుకుంటారు. కాదు, మనుషులు చేసిందే. కోట్ల ఏళ్ళ కింద పారిన పాత నదుల గులకరాయి పొరలు ఈ కొండల్లో పైన ఇరుక్కుపోయి ఉన్నాయి. ఆ పొరల్లో బంగారం ఉంది. నెవాడా సిటీ దగ్గర 1853లో మొదలైన పద్ధతి ఏమిటంటే, ఎత్తు నుంచి కాలవల్లో, గొట్టాల్లో నీళ్ళు తెచ్చి, మానిటర్ అనే ఇనప ఫిరంగిలోంచి చిమ్మి, కొండనే కూల్చి కడగడం. బంగారం పాదరసానికి అంటుకునేది. బురద, రాళ్ళు యూబా నదిలోకి పోయేవి. నది అడుగు పైకి లేచింది, దిగువన మేరీస్‌విల్ లాంటి ఊళ్ళు వరదల్లో మునిగాయి, పొలాలు మట్టి కింద పూడిపోయాయి. చివరికి రైతులు, ఊళ్ళవాళ్ళు కోర్టుకెక్కారు. 1884 జనవరిలో జడ్జి లోరెంజో సాయర్ మాలకాఫ్‌ని తవ్విన నార్త్ బ్లూమ్‌ఫీల్డ్ కంపెనీకి వ్యతిరేకంగా తీర్పిచ్చి, చెత్తని నదిలోకి వదలడం ఆపించాడు. అమెరికాలో పర్యావరణం విషయంలో వచ్చిన తొలి పెద్ద తీర్పుల్లో ఇదొకటి. అంత డబ్బున్న పరిశ్రమని పొలం గట్టు మీద నిలబడ్డ మనిషి ఆపగలిగాడన్నది బాబుకి కూడా చెప్పండి, ఎనిమిదేళ్ళ వయసుకి అర్థమవుతుంది.

మాలకాఫ్ నుంచి వచ్చిన దారినే తిరిగి 49 ఎక్కండి. మ్యాపు చూసి ఏదో అడ్డదారి ఉంది కదా అని అల్లెగనీ వైపు వెళ్ళే ఫుట్స్ క్రాసింగ్ రోడ్డు పట్టుకోవద్దు. మట్టిదారి, ఒక బండి పట్టేంత వెడల్పు, పక్కన లోయ, ఎదురుగా ఎవరైనా వస్తే వెనక్కి నడపాలి. పెద్దవాళ్ళని కూర్చోబెట్టుకుని వెళ్ళే దారి కాదది.

దారిలో క్యాంప్టన్‌విల్ దగ్గర అయిదు నిమిషాలు ఆగండి. ఇంజనీరింగ్‌లో హైడ్రాలిక్ మెషీన్స్ ల్యాబ్ చేసినవాళ్ళందరికీ పెల్టన్ వీల్ ప్రయోగం గుర్తుండే ఉంటుంది. ఆ లెస్టర్ పెల్టన్ ఈ ఊళ్ళో ఉంటూ గనులకి చక్రాలు, మిల్లులు తయారుచేసిన వడ్రంగి. అంతకుముందు చక్రాల్లో నీటిధార చదునైన రెక్కకి కొట్టుకుని అటూ ఇటూ చిందేది, బలం సగం వృథా. పెల్టన్ ఒక్కో రెక్కనీ మధ్యలో గట్టుతో చీల్చి రెండు దొన్నెలుగా మలిచాడు. ధార ఆ గట్టు మీద రెండుగా విడిపోయి, దొన్నెల వంపులో తిరిగి, తన బలమంతా చక్రానికి ఇచ్చేసి నెమ్మదిగా జారిపోతుంది. 1880లో పేటెంట్ వచ్చింది. చాలా ఎత్తు నుంచి నీళ్ళు పడే జలవిద్యుత్ కేంద్రాల్లో ఇప్పటికీ తిరిగేది ఆ చక్రమే. ఊళ్ళో ఆయన పేరు మీద చిన్న స్మారకం ఉంది. ఇంజనీర్లతో నిండిన మన బే ఏరియా తెలుగువాళ్ళలో ఎక్కువమంది టాహోకి ఐ-80 మీదే పోతారు కాబట్టి ఇది చూడరు, అది నాకు బాధగా ఉంటుంది.

నెవాడా సిటీ నుంచి డౌనీవిల్‌కి నేరుగా నలభై అయిదు మైళ్ళు, గంటంబావు పడుతుంది. మలుపులు బాగా ఎక్కువ. అత్తగారికి గానీ బాబుకి గానీ బండిలో వికారం వచ్చే అలవాటుంటే బయల్దేరేముందే మాత్ర వేయండి, ముందు సీట్లో కూర్చోబెట్టండి. ఇంకోటి, వెనక స్థానికులు పనుల మీద పోతుంటారు. రెండు వరసల రోడ్డు మీద నెమ్మదిగా పోతూ వెనక అయిదు బళ్ళు చేరితే పక్కకి తీసి దారివ్వాలని కాలిఫోర్నియా చట్టం. అయిదు చేరేదాకా ఆగకండి, ఒకటున్నా దారివ్వండి. చేయి ఊపి వెళ్తారు.

రెండు రాత్రులూ ఒకే చోట ఉండండి, డౌనీవిల్‌లోనో సియెరా సిటీలోనో. రెంటికీ మధ్య పదమూడు మైళ్ళే. ఏటి ఒడ్డున చిన్న లాడ్జీలు, క్యాబిన్లు ఉంటాయి, కొన్నే. ఇప్పుడే బుక్ చేయండి. వంటిల్లున్న క్యాబిన్ దొరికితే ధర కొంచెం ఎక్కువైనా తీసుకోండి, ఎందుకో కింద చెప్తాను. టాహో నేషనల్ ఫారెస్ట్ క్యాంపు స్థలాలు దారి పొడుగునా ఉన్నాయి, బాగుంటాయి, కానీ రాత్రి చలిలో అరవై దాటినవాళ్ళని గుడారంలో పడుకోబెట్టమని నేను చెప్పను.

శనివారం పొద్దున డౌనీవిల్ నడిచి చూడండి. రెండు నదులు కలిసే చోట ఊరు. ఒకటి డౌనీ నది, రెండోది ఉత్తర యూబా. హైవేనే ఊళ్ళో ఒక వంతెన దగ్గర ఒకే బండి పట్టేంతకి తగ్గిపోతుంది, ఎదుటివాళ్ళు వచ్చాక వెళ్ళాలి. 1849లో విలియం డౌనీ అనే స్కాట్లాండ్ మనిషి చిన్న బృందంతో ఇక్కడికొచ్చాడు. అందులో నల్లజాతివాళ్ళు, ఒక ఐరిష్ కుర్రాడు, ఒక ఆదివాసీ, ఒక హవాయి మనిషి ఉన్నారు. ఆ హవాయి మనిషి ఏట్లో పట్టిన సాల్మన్ చేపని ఉడికిస్తే కుండ అడుగున బంగారం రేణువు తేలిందని డౌనీ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. టిన్ కప్ డిగ్గింగ్స్ అనే చోట ముగ్గురు మనుషులు రోజుకొక రేకు గ్లాసుడు బంగారం తీసేవాళ్ళని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది.

మెయిన్ స్ట్రీట్‌లో రాతి భవనంలో మ్యూజియం ఉంది. 1852 నాటి కట్టడం, మొదట చైనావాళ్ళ దుకాణం, జూదశాల. పరాయి దేశాల నుంచి వచ్చినవాళ్ళు గని పని చేసుకోవాలంటే నెలకి ఇరవై డాలర్లు కట్టాలని 1850లో కాలిఫోర్నియా పన్ను వేసింది. దాన్ని ఎత్తేసి, 1852లో మూడు డాలర్లతో మళ్ళీ తెచ్చింది. రెండోసారి ఆ భారం ఎక్కువగా పడింది చైనావాళ్ళ మీద. వీసాల మీద వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్న మనం ఆ భవనంలో కాసేపు ఆగాలి. ఇంకా ముందు ఈ కొండలు, ఈ లోయలు నిసెనాన్, మైదూ, వాషో ప్రజలవి. బంగారం దొరికాక ఇరవై ఏళ్ళలో కాలిఫోర్నియా ఆదివాసీల జనాభా సుమారు లక్షన్నర నుంచి ముప్ఫై వేలకి పడిపోయిందని చరిత్రకారుల అంచనా. రోగాలు, ఆకలి, హత్యలు.

కోర్టు పక్కన ఉరికంబం అలాగే ఉంది. 1885లో ఒక్కసారి వాడారు. పిల్లాడికి చూపించాలా వద్దా మీ ఇష్టం. నేనైతే ఇంకో సంగతి చెప్పకుండా ఈ ఊరు దాటను. 1851 జులై 4 సంబరాల రాత్రి తాగివున్న ఒక గనిపనివాడు హోసెఫా అనే మెక్సికన్ యువతి ఇంటి తలుపు విరగ్గొట్టాడు. మర్నాడు గొడవ జరిగింది, ఆమె కత్తితో పొడిచింది, అతను చనిపోయాడు. అదే రోజు జనమే కోర్టు పెట్టి, జనమే తీర్పు చెప్పి, ఏటి మీది వంతెన నుంచి ఆమెని ఉరితీశారు. ఆమె గర్భవతి అని ఒక వైద్యుడు చెప్పినా వినలేదు. చాలాకాలం ఆమె అసలు పేరు కూడా ఎవరూ పట్టించుకోలేదు, హువానిటా అని రాసుకుంటూ పోయారు. బంగారం రోజుల కథల్ని సాహసాలుగా చెప్పే అలవాటు ఈ దేశంలో బలంగా ఉంది. డౌనీవిల్‌కి వెళ్ళినవాళ్ళు హోసెఫా పేరు తెలుసుకోకుండా రాకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక బంగారం కడగడం. వెతకొచ్చు. నేషనల్ ఫారెస్ట్ భూమిలో చేత్తో, పళ్ళెంతో కడుక్కోవడానికి మామూలుగా అభ్యంతరం ఉండదు. కానీ ఏటి వెంట చాలా చోట్ల వేరేవాళ్ళ మైనింగ్ క్లెయిములు, అంటే తవ్వుకునే హక్కు వాళ్ళ పేరున ఉన్న చోట్లు ఉన్నాయి, వాటిల్లో దిగితే దొంగతనం కింద లెక్క. క్లెయిమ్ అని ప్రతిచోటా బోర్డు ఉండదు. అందుకని ఎక్కడ పడితే అక్కడ దిగకుండా, ఊళ్ళో రెండు నదులూ కలిసే చోటున్న పార్కు దగ్గర కడగండి, ముందు దుకాణంలోనో మ్యూజియంలోనో అడిగి. పళ్ళెం ఊళ్ళోనే కొనుక్కోండి. ఏట్లో మోటారు పెట్టి ఇసుక పీల్చే డ్రెడ్జింగ్ 2009 నుంచి రాష్ట్రంలో ఆపేశారు, ఎవరైనా చూపిస్తామన్నా ఒప్పుకోవద్దు.

పద్ధతి బాబుకి ఇలా నేర్పండి. బంగారం నీటికంటే పంతొమ్మిది రెట్లు బరువు, ఇసుక రెండున్నర రెట్లే. కాబట్టి ఏరు ఎక్కడ వేగం తగ్గించుకుంటుందో అక్కడ బంగారం కింద పడుతుంది: పెద్ద బండల వెనక, వంపు లోపలి వైపు, అడుగు రాతి నెర్రెల్లో. అక్కడి కంకర పళ్ళెంలో ముప్పావు వంతు తీసుకుని, నీళ్ళలో ముంచి, మట్టిగడ్డలు చేత్తో చిదిపి, పెద్ద రాళ్ళు ఏరేసి, పళ్ళాన్ని నీటిలోనే అడ్డంగా గట్టిగా కదపాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. ముందు బాగా కదిపితేనే బరువున్నది అడుక్కి చేరుతుంది, తర్వాతే వంచి పైది కొట్టుకుపోనివ్వాలి. చివరికి నల్ల ఇసుక మిగులుతుంది, అందులో చూడాలి. ఎండలో తళతళలాడి నీడలో వెలిసిపోతే అభ్రకం. గోటితో నొక్కితే పొడయ్యేది బంగారం కాదు. నీడలో కూడా అదే పసుపుతో ఉంటే బంగారం. దొరికితే ఒకటి రెండు చుక్కలు, అంతే. పళ్ళెంలో వెండి రంగు బొట్టు దొర్లితే అది పాతకాలపు పాదరసం, ముట్టుకోనివ్వకండి. కడిగాక సబ్బుతో చేతులు కడిగించండి. ఏట్లో పట్టిన చేపలు తినాలనుకుంటే పాదరసం గురించి రాష్ట్రం ఇచ్చే సూచనలు ముందే చూడండి.

నీళ్ళ గురించి గట్టిగా చెప్పాలి. జూన్ ఆఖర్న ఏట్లో పారేది పైన కరిగిన మంచు. ఒడ్డున మోకాలి లోతు కనబడుతుంది, రెండడుగులు ముందుకేస్తే పట్టు దొరకదు. ఆ చల్లదనానికి ఈతగాళ్ళ చేతులు కూడా నిమిషాల్లో పనిచేయవు. బాబు కడుగుతున్నంతసేపూ ఒక పెద్దమనిషి చేయి అందేంత దూరంలో, ఫోను జేబులో పెట్టుకుని నిలబడాలి. ఈదాలని సరదా ఉంటే సాయంత్రం వేరే చోటుంది.

మధ్యాహ్నం సియెరా సిటీ వెళ్ళండి. ఊరు దాటగానే కెంటకీ మైన్, కౌంటీ చారిత్రక పార్కు. వేసవిలోనే తెరుస్తారు. రోజులు, వేళలు ముందు ఫోన్ చేసి కనుక్కోండి, లోపలికి టూరు ఉన్న వేళకే వెళ్ళండి. ఈ ప్రయాణం మొత్తంలో మామగారి కోసం ఒక్కటే చూపించగలిగితే నేను ఎంపైర్ కూడా వదిలేసి దీన్నే ఎంచుకుంటాను. ఎంపైర్ పెద్దది, కానీ అక్కడ మిల్లు లేదు. ఇక్కడ పది స్టాంపుల మిల్లు మొత్తం యంత్రాలతో సహా నిలబడి ఉంది. గనిలోంచి పట్టాల మీద పలుగురాయి వస్తుంది, పైన దవడల యంత్రం దాన్ని ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలు వరసగా లేచి పడే ఇనప రోకళ్ళ లాంటి స్టాంపుల కింద పిండవుతాయి, ఆ పిండి నీళ్ళతో కలిసి పాదరసం పూసిన రాగి పలకల మీంచి పారుతుంది, బంగారం అంటుకుంటుంది. అంతస్తులుగా కొండ వాలు మీద కట్టిన మిల్లు కాబట్టి రాయి తన బరువుతో తానే కిందికి దిగుతూ పోతుంది. ఇదంతా తిప్పేది పెల్టన్ చక్రమే, నిన్న క్యాంప్టన్‌విల్‌లో చూసిన మనిషిది. మెట్లున్నాయి, అత్తగారికి మోకాళ్ళ నొప్పులుంటే ముందే చెప్పండి, బయట మ్యూజియం దగ్గర నీడలో కూర్చోవచ్చు.

పాత గనుల నోళ్ళు ఈ కొండల్లో ఎక్కడపడితే అక్కడ కనబడతాయి. టూరులో చూపించినవి తప్ప దేంట్లోకీ తొంగి కూడా చూడొద్దు. కుళ్ళిన కలప, గాలి ఆడని చోట్లు, నీళ్ళ కింద దాక్కున్న షాఫ్టులు. ఈ మాట మామగారి చేత బాబుకి చెప్పించండి.

సాయంత్రం బాసెట్స్ దగ్గర గోల్డ్ లేక్ హైవేలోకి తిరిగి సార్డీన్ సరస్సుల వైపు. వెనక సియెరా బ్యూట్స్ శిఖరం, 8,500 అడుగులు దాటి, రంపపు పళ్ళ అంచుతో నిటారుగా లేచి ఉంటుంది. పక్కనే శాండ్ పాండ్. లోతు తక్కువ, నీళ్ళు మిగతావాటికంటే వెచ్చన, అడుగున మెత్తటి ఇసుక. ఆ ఇసుక యంగ్ అమెరికా గని మిల్లు పిండిచేసి వదిలిన రాయి. బాబు అక్కడ ఆడుకోవచ్చు. చుట్టూ చెక్కబాటతో చిన్న నడకదారి ఉంది, పెద్దవాళ్ళకి హాయిగా ఉంటుంది. దోమల మందు రాసుకోండి. శిఖరం మీద అగ్నిప్రమాదాల కాపలా గది ఉంది, గాల్లోకి వేలాడే ఇనప మెట్లతో. ఫోటోలు చూసి వెళ్ళాలనిపిస్తుంది. ఈసారికి వద్దు. నిటారు ఎక్కుడు, జూన్‌లో మంచు పలకలు మిగిలి ఉండొచ్చు. సెప్టెంబర్‌లో మీరిద్దరే వెళ్ళండి.

తిండి. ఊళ్ళలో ఉన్నవే కొన్ని హోటళ్ళు, అవీ ఏ రోజు తెరుస్తారో, ఎంతకి మూస్తారో వాళ్ళ వీలుని బట్టి. శాకాహారం అంటే పిజ్జా, సలాడ్, చిప్స్. అందుకే వంటిల్లున్న క్యాబిన్ అన్నాను. శుక్రవారానికి పులిహోర, చపాతీలు కట్టుకోండి. రైస్ కుక్కర్, పప్పు, పచ్చడి సీసా, పెరుగు ఐస్‌పెట్టెలో. శనివారం ఉదయం టిఫిను, రాత్రి అన్నం క్యాబిన్‌లోనే. ఒక్కపూటైనా ఊళ్ళో తిని, ఊళ్ళో దుకాణంలో ఏదైనా కొనండి. మూడు వందల మంది ఊరు బతికేది వేసవి నాలుగు నెలల సంపాదనతో. ఎలుగుబంట్లు తిరిగే చోటు, రాత్రి కార్లో చిన్న బిస్కెట్ ప్యాకెట్ కూడా వదలొద్దు.

సెల్ సిగ్నల్ కొండల్లో చాలాచోట్ల ఉండదు, మ్యాపులు ముందే దించుకోండి, క్యాబిన్ చిరునామా కాగితం మీద రాసుకోండి. పెద్ద ఆసుపత్రి అంటే పడమర గ్రాస్ వ్యాలీ, తూర్పున ట్రకీ, రెండూ గంట దూరం పైనే. బీపీ, షుగర్ మాత్రలు రెండు రోజులవి ఎక్కువగా పెట్టుకోండి, విజిటర్ ఇన్సూరెన్సు కాగితాలు వెంట ఉంచండి. డౌనీవిల్ చుట్టుపక్కల పాయిజన్ ఓక్ పొదలుంటాయి, మూడు మూడు ఆకుల గుత్తులు. అత్తగారు పూలు కోయబోతే ఆపండి, రెండు వారాలు దద్దుర్లు పోవు.

ఆదివారం వచ్చిన దారిన తిరగకుండా ముందుకే పోండి. 6,700 అడుగుల యూబా కనుమ ఎక్కి దిగితే ఒక్కసారిగా కొండలు తప్పుకుని సియెరా వ్యాలీ, పచ్చిక మైదానం, ఆవులు, పాత కొట్టాలు. ఇక్కడ బంగారం లేదు. గనుల ఊళ్ళకి పాలు, వెన్న, గడ్డి, కలప పంపి బతికిన లోయ ఇది. కౌంటీలో నగరం హోదా ఉన్న ఒకే ఒక్క ఊరు లాయల్టన్ ఇక్కడే ఉంది. అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన నిలిచామని చాటడానికి 1863లో పెట్టుకున్న పేరు. దాని కోసం పక్కకి తిరగాల్సిన పని లేదు, సియెరావిల్ నుంచి 89 పట్టుకుంటే ముప్పావుగంట లోపే ట్రకీ, అక్కడ ఐ-80.

బయల్దేరే ముందురోజు రాష్ట్ర రోడ్ల శాఖ కాల్ట్రాన్స్ పెట్టిన క్విక్‌మ్యాప్‌లో 49, 89 రెండూ చూడండి. రోడ్డు పనులు, అడవి మంటలు ఉంటే అందులోనే తెలుస్తాయి. పొగ ఎక్కువగా ఉందంటే పెద్దవాళ్ళ కోసం ప్రయాణం మానుకోండి, డబ్బు పోయినా సరే. ట్రకీలో ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటితే టాహో నుంచి దిగే బళ్ళన్నీ ఐ-80 మీదే ఉంటాయి, పన్నెండులోపు ఎక్కేయండి. భోజనం ట్రకీలో కాకుండా కొండ దిగి ఆబర్న్‌లో చేయండి.